దూడ లేని గుంజ

కాశీబుగ్గ బస్టాండులో దిగి పలాస వైపు నాలుగడుగులు వేశానో లేదో, ఏ సందులోంచో జీడిపిక్క కాలిన వాసన వచ్చి ముక్కుకి తగులుతుంది. ఇప్పుడు బట్టీల్లో చాలావరకు ఆవిరి మిషన్లు వచ్చేశాయి కనుక మునుపటంత ఘాటు లేదు, కళ్ళు మండవు, ఊరి మీద నల్లటి పొగ దుప్పటి కప్పినట్టు ఉండదు. అయినా ఎక్కడో ఒక మూల ఎవరో ఒకరు పాత పద్ధతిలో కాలుస్తూనే ఉంటారు. ఆ వాసన తగలగానే నేను ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, ఈల వేసేవాళ్ళలా పెదవులు సున్నా చుట్టి, వేడి గంజి ఊదినంత నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులుతాను. నాకు ఊపిరితిత్తుల జబ్బేమీ లేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఇది చూసి, ఎవరికైనా సైగ చేస్తున్నావా అని అడిగాడు. అనుమానం వాళ్ళింట్లోనూ ఉంది కానీ, మా ఇంటి అనుమానం ముందు అది చంటిపిల్ల.

మా ఇంట్లో అనుమానానికి పెద్దదిక్కు మా మేనత్త తవిటమ్మ. ఆమెకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే, ఆమె పుట్టగానే చేటలో వేసి పక్కింటి వాళ్ళకిచ్చేసి, చేరెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారట. తవుడుకి కొన్న పిల్ల మీద చావు ఆశ పెట్టుకోదని మా వైపు నమ్మకం. పుడుతూనే చావుని మోసం చేసిన మనిషి కాబట్టి, ఆ బాకీ తీర్చుకోడానికి లోకమంతా తనని మోసం చెయ్యాలని చూస్తోందని ఆమె గట్టిగా నమ్మేది. నౌపడ నుంచి సైకిలు మీద ఉప్పు తెచ్చేవాడు కొలిచేటప్పుడు బొటనవేలు కుంచం లోపల పెడతాడని ఆమె అనుమానం. బారువ నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొచ్చే మనిషి పైన కొత్త నెత్తళ్ళు పరిచి కింద నిరుటివి పెడుతుందని అనుమానం. పనసకాయని తట్టి చూసేది, కోసి చూసేది, తొన తిన్నాక కూడా ఇది మన చెట్టుదేనా అని అడిగేది. మా అమ్మ వండిన కూర రుచిగా ఉంటే, ఇవాళ ఇంత బాగా ఎందుకు వండిందో అని ఆలోచించేది.

మొగుడు చిన్నతనంలోనే పోవడంతో అత్త మా నాన్న దగ్గరికి, అంటే తమ్ముడింటికి వచ్చేసింది. అత్తవారిల్లు కూడా మా ఊళ్ళోనే, వీధి చివర. వజ్రపుకొత్తూరు వైపు ఇసక నేలల్లో ఉన్న ఊరు మాది. వయసులో ఉన్నంతకాలం ఆమె పలాసలో జీడి బట్టీకి వెళ్ళి పిక్కలు కాల్చింది. చిల్లుల పెనం మీద పిక్కలు పోసి, అవి చిటపటమని నూనె కక్కుతూ మండుతుంటే పొడుగాటి గరిటెతో తిప్పుతూ, రోజంతా ఆ పొగలోనే ఉండేది. జీడి నూనెకి ఆమె వేళ్ళ కొసలు కాలి, నల్లబడి, నున్నగా అయిపోయాయి. ఆమె చీరలు ఎన్నిసార్లు ఉతికినా పొగ వాసన పోయేది కాదని అమ్మ వాటిని విడిగా ఆరేసేది. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. చలికాలం పొద్దున్నే ఆ చీర కొంగు కప్పుకుని గంజన్నం, ఉల్లిపాయ తింటుంటే కడుపులోకి వెచ్చదనం దిగేది.

అత్తకి ఆస్తి అంటూ ఉన్నది ఆమె మొగుడు సముద్రం వైపు ఇసక దిబ్బల మీద నాటిన జీడిచెట్లు. చలి తగ్గుతూనే ఆ చెట్లు పూతకొచ్చేవి. మా ఉద్దానం ప్రాంతం గాలంతా తీపీ వగరూ కలిసిన ఒక వాసన పట్టేది. తర్వాత పసుపు, ఎరుపు రంగుల్లో పళ్ళు, వాటి కిందికి వేలాడుతూ పిక్కలు. పిల్లలం ఆ పళ్ళు కొరికి రసం కారుస్తూ తినేవాళ్ళం, గొంతు గరగరలాడేది, గౌన్ల మీద పడిన మరక ఆ గౌను చిరిగేదాకా పోయేది కాదు. పిక్కలు వరసగా పేర్చి దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టే ఆట ఆడేవాళ్ళం. గెల్చుకున్న పిక్కల్ని పొయ్యిలో కాల్చుకుని, ఆత్రంగా కొరికి, మూతులు కాల్చుకునేవాళ్ళం. పుండు పడిన మూతి చూసి ఎవరి చెట్టు కింద ఏరావే అని అత్త నిలదీసేది.

ఎందుకంటే చెట్టు కింద ఏరడం మా ఊళ్ళో చిన్న విషయం కాదు. కొత్తామాస, అంటే ఉగాది ముందు వచ్చే అమావాస్య పండగ, వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఎవరి చెట్ల కింద ఎండుటాకులు వాళ్ళు తుడుచుకోవాలి. నేల శుభ్రంగా ఉంటేనే రాలిన పిక్క కనిపిస్తుంది. ఆ రోజు ఎవరు తుడిస్తే ఆ ఏడు ఆ చెట్ల పిక్క వాళ్ళది. కాగితాల్లో ఎవరి పేరున్నా మా ఊళ్ళో చెల్లేది చీపురే. అత్త మరిది అప్పన్నా, అతని భార్య ఎర్రమ్మా తన చెట్ల మీద కన్నేశారని అత్త అనుమానం. ఇందులో అప్పన్న మాటకొస్తే అది అనుమానం కాదు, నిజమే. అన్న చెట్లు తమ్ముడికి రావాలి గానీ వదిన పుట్టింటివాళ్ళకి ఎలా పోతాయని అతను టీకొట్టు దగ్గర అందరి ముందూ అనేవాడు. అందుకే మా నాన్న తుడుస్తానన్నా అత్త ఒప్పుకునేది కాదు. తమ్ముడి చెయ్యి పడితే అప్పన్న మాటే నిజమవుతుంది. తన కాళ్ళతో తను నడిచి వెళ్ళి, తన నడుం వంచి తనే తుడవాలి.

ఆ నడకే ఆమె వల్ల కాకుండా పోతోందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అత్తతో దిబ్బల మీదికి వెళ్ళేది నేనే. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆగి ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకోవడం ఆమెకి అలవాటని అందరూ అనుకునేవారు. ఒకరి కోళ్ళు మన పెరట్లోకొచ్చాయని, ఒకరు వాడిన నీళ్ళు వీధిలోకి వదిలారని, ఇంకొకరు నిన్న తనని చూసి నవ్వారని. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఆ చెయ్యి వణికింది. తలెత్తి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, మెడ నరాలు తాడులా లేచి ఉన్నాయి. అప్పుడు తెలిసింది, ఆమె తగువు కోసం ఆగడం లేదు, ఆగడం కోసం తగువు పెట్టుకుంటోంది. ఒక మాట విసిరితే అవతలి మనిషి పది మాటలంటుంది. ఆ పది మాటలయ్యేలోపు అత్త ఊపిరి కూడదీసుకునేది. నేను కనిపెట్టానని ఆమె కూడా కనిపెట్టింది. "ఎవులితోనైనా అన్నావంటే నాలిక కోసేత్తాను" అంది.

ఆ దారిలో అన్నిటికంటే పెద్ద మజిలీ ఎర్రమ్మ గుమ్మం. ఊరు దాటి ఇసకలోకి దిగేముందు ఆఖరి ఇల్లు వాళ్ళది. ఒక ఏడు ఎండాకాలం ఉన్నట్టుండి ఆ గుమ్మం ముందు, సరిగ్గా దారి పక్కన, నడుమెత్తు రాతి గుంజ ఒకటి వెలిసింది. పశువుల్ని కట్టేసే గుంజ. వాళ్ళకి ఆవూ లేదు, దూడా లేదు. ఇక అత్తకి తగువు వెతుక్కునే పని లేకుండా పోయింది. రోజూ ఆ గుంజ మీద రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి, దాన్నే తిట్టేది.

"దూడ లేని కొంపకి గుంజెందుకే? నా కాలికి తగిలి నాను పడిపోవాలనేనా?"

"నా గుమ్మం, నా గుంజ. నీకేటి నొప్పి?" అని ఎర్రమ్మ గుమ్మంలో కూర్చునే బదులిచ్చేది. మేము ఏ వేళకి వెళ్ళినా ఆమె గుమ్మంలోనే ఉండేది. మన రాకపోకలు కాపు కాస్తోందని, ఎప్పుడు పడిపోతానా అని చూస్తోందని అత్త నాతో చెప్పేది. నేను నూటికి నూరుపాళ్ళూ నమ్మేదాన్ని.

ఆయాసాన్ని అంతలా దాచుకోవడానికి ఇంకో కారణముంది. మా ఊళ్ళో ఎవరికి ఏ సుస్తీ చేసినా మొదట వచ్చే మాట కిడ్నీ. ఒళ్ళు వాచినా, ఆకలి మందగించినా, రొప్పినా అంతే. ఆ మాట పడిందంటే ఇక ఆ మనిషిని ఊరు వేరేగా చూస్తుంది, ఆ ఇంటికి సంబంధాలు తగ్గిపోతాయి, ఆ మనిషి ముందు మాటలు మెత్తబడతాయి. ఆ రోగం ఎందుకొస్తోందో కనుక్కుంటామని సంచులు తగిలించుకుని మనుషులు వస్తూనే ఉండేవారు. వరసగా నిలబెట్టి రక్తం తీసేవారు, సీసాలిచ్చి మూత్రం పట్టుకురమ్మనేవారు, నూతుల్లో నీళ్ళూ పొలాల్లో మట్టీ పట్టుకెళ్ళేవారు. మళ్ళీ వచ్చి మీకిది ఉంది, ఇది లేదు అని చెప్పినవాళ్ళని నేను చూడలేదు. చివరికి వీధిలో జీపు చప్పుడు వినిపిస్తే తలుపులు వేసుకోవడం ఊరికి అలవాటైపోయింది. అందరికంటే ముందు పడే తలుపు మాది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం పొయ్యి ఊదుతూ ఊదుతూ అత్త ఊదుగొట్టం వదిలేసి పక్కకి ఒరిగిపోయింది. ఇక దాచడం కుదరలేదు. నాన్న ఆటోలో టెక్కలి వైపు ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నాన్నని బయటికి పిలవగానే అత్త నా జబ్బ గిల్లి, వెళ్ళి వినమని కళ్ళతో చెప్పింది. రోగి దగ్గర ఏమీ లేదని చెప్పి అసలు సంగతి బయట మగవాళ్ళకి చెప్తారని ఆమెకి తెలుసు. డాక్టరు చెప్పింది ఇదీ. కిడ్నీలు బాగానే ఉన్నాయి, ఇది ఊపిరితిత్తుల జబ్బు, ఏళ్ళ తరబడి పీల్చిన పొగకి లోపలి గాలి గొట్టాలు సన్నబడిపోయాయి, ఇది పూర్తిగా పోయేది కాదు, కానీ పీల్చే మందు వాడుతూ, ఊపిరి ఎలా తీసుకుని ఎలా వదలాలో నేర్చుకుని, రోజూ కొంత నడిస్తే తన పనులు తను చేసుకోగలదు. అందుకు మనిషిని పంపిస్తాం, నేర్పిస్తుంది అన్నాడు.

ఉన్నదున్నట్టు వచ్చి అత్త చెవిలో ఊదాను. పోదు అన్న మాట ముందన్నాడా వెనకన్నాడా అని అడిగింది. నేను వింటున్నట్టు అతను చూశాడా అని అడిగింది. దారి పొడుగునా ఆలోచించి ఇంటికొచ్చేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. సూది వెయ్యలేదు, సెలైను పెట్టలేదు, ఊపిరి పీల్చుకోమని చెప్పి పంపేశారు. పుట్టినప్పటినుంచీ పీలుస్తున్న ఊపిరిని మళ్ళీ నేర్చుకోమన్నారంటే ఆశ వదిలేసుకున్నారని అర్థం. ఆ రాత్రి అన్నం తినలేదు. కొత్తామాస ఇంకా దూరంలోనే ఉంది కానీ అప్పన్న చీపురు తన చెట్ల కింద ఆడుతున్నట్టే ఆమెకి కనిపించింది కాబోలు, గోడ వైపు తిరిగి పడుకుంది. అంత గట్టి మనిషి ఏడవడం నేను వినడం అదే మొదటిసారి, నాకు చాలా భయమేసింది.

వారం తిరక్కుండానే ఆ మనిషి వచ్చింది. వయసులో చిన్నదే, గుంటూరు వైపు మాట, భుజాన సంచి. ఆమె పేరు ఊరికి అక్కర్లేకపోయింది, వచ్చిన రోజే ఊపిరమ్మ అని పెట్టేశారు. సంచిలోంచి మూడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. గొట్టంలోంచి పీలిస్తే అందులో రంగు బంతులు పైకి లేస్తాయి. వేలికి తగిలించే చిన్న క్లిప్పు తీసింది, దాంట్లో ఎర్ర దీపం, అంకెలు. ఈ సరంజామా అంతా చూసి అత్త లేచి నిలబడి, వీధి వీధంతా వినేలా చెప్పింది.

"రగతం పట్టికెల్లినారు, ఉచ్చ పట్టికెల్లినారు, నూతిలో నీరు పట్టికెల్లినారు. ఇంక మిగిలింది ఊపిరే. అదీ పట్టికెల్లిపోదామని వొచ్చినాది."

లోపలికెళ్ళి తలుపేసుకుంది. పైగా ఆమె దిగిన ఆటో నడిపేది ఎర్రమ్మ తమ్ముడు. అంతకంటే ఏం కావాలి. తనని నడిపించి నడిపించి చంపడానికి ఆ మొగుడూ పెళ్ళాలే దీన్ని పంపారని తేలిపోయింది. ఆటోవాడూ ఆవిడా ఏం మాట్లాడుకున్నారో వినిరమ్మని నన్ను పెరటిదారిన పంపింది. వాళ్ళు ఎండ గురించి మాట్లాడుకున్నారు. అది కూడా అత్తకి నచ్చలేదు.

రెండోసారి ఊపిరమ్మ వచ్చినప్పుడు అత్త నన్ను అరుగు మీదికి తోసింది. "ముందు నువ్వు సెయ్యే గుంటా. నీకేటీ అవకపోతే అప్పుడు సూద్దాం" అని, తను తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. రాజులకి పెట్టే అన్నం ముందు ఎవరికో తినిపించి చూసేవారంటారే, అలా అయింది నా పని. ఊపిరమ్మ నన్నొకసారి చూసింది, తలుపు సందు వైపు ఒకసారి చూసింది. ఆ చెక్కల మధ్య నల్లటి వేళ్ళ కొసలు కనిపిస్తూనే ఉన్నాయి. సరే కూర్చోమంది. అక్కణ్ణుంచి ఆమె గొంతు ఎందుకో చెవుడున్నవాళ్ళకి చెప్పినట్టు పెద్దదయింది.

అలా ఊపిరి నేర్చుకున్నాను నేను. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, భుజాలు లేవకుండా పొట్ట మాత్రమే లేచేలా పీల్చడం. పెదవులు సున్నా చుట్టి, తొందర లేకుండా, లోపలున్న పాత గాలంతా పోయేలా వదలడం. మోచేతులు మోకాళ్ళకి ఆనించి కూర్చోవడం. ఇసక నింపిన సీసాలు రెండు చేతులతో ఎత్తడం దించడం, ఎత్తేటప్పుడు ఊదడం. వంగేటప్పుడు వదలాలి, లేచేటప్పుడు పీల్చాలి, చీపురు పట్టినా సరే, పిక్కలు ఏరినా సరే. తొమ్మిదేళ్ళ పిల్లకి చీపురుతో తుడవడం ఇంత వివరంగా ఎందుకు చెప్తోందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు తలుపు వైపు చూడకుండానే, "నీకు తెలిసినవాళ్ళెవరికైనా ఆయాసమొస్తే చెప్పు, ఆగడం తప్పు కాదు. పట్టుకోడానికి ఏదైనా చూసుకుని, దాని మీద చేతులానించి, ముందుకి వంగి, ఊదమను. కంగారుపడితేనే ప్రమాదం" అంది.

నేను అరుగు మీద వదిలేసిన ఇసక సీసాలు సాయంత్రానికి అత్త మంచం కిందికి చేరేవి. పోపుల డబ్బాలో దాచిపెట్టిన పీల్చే మందు తేలికవుతూ వచ్చిందని అమ్మ కనిపెట్టింది. తలుపు వెనకనుంచి పిల్లి బుస కొట్టినట్టు చిన్న శబ్దం వినిపించేది, నేను ఊదినప్పుడల్లా. ఆ బంతుల డబ్బా మాత్రం అత్త ముట్టుకోలేదు. అందులో పీలిస్తే లోపల మిగిలిన నాలుగు ఊపిర్లూ దానికే పోతాయని ఆమె భయం.

కొత్తామాస వచ్చింది. బూరెలు, గారెలు, ఆ ఏడు తొలి మామిడికాయ, పెద్దలకి పెట్టిన కొత్త బట్టలు, ఇంటింటా నెయ్యి వాసన. బెల్లం పాతదని అత్త బూరె సగంలో వదిలేసింది, అంటే మామూలుగానే ఉందని నాకు ధైర్యమొచ్చింది. మర్నాడు తెల్లవారుతూనే చీపురు తీసుకుంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగింది గానీ తగువు క్లుప్తంగా కానిచ్చింది. గుంజ దగ్గర రెండు చేతులూ ఆనించి ఎప్పటిలాగే నాలుగు తిట్టింది, మధ్యమధ్య ఊదింది. ఆ రోజు గుమ్మంలో ఎర్రమ్మ లేదు. దిబ్బ ఎక్కి చూస్తే తెలిసింది. అప్పన్న అప్పటికే గంపతో చీపురుతో అత్త చెట్ల మొదట్లో ఉన్నాడు, పక్కన ఎర్రమ్మ. చుట్టుపక్కల తోటల్లో తుడుస్తున్న ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు.

అత్త ఒక్క మాటా అనలేదు. నడుం వంచింది, ఫూ అని ఊదుతూ చీపురు ఒక విసురు విసిరింది. లేచి పీల్చింది. మళ్ళీ వంగింది, ఊదింది, తుడిచింది. ఎండుటాకుల గలగల, ఆ ఊదుడు, అంతే. ఎప్పుడూ నోరు మూయని మనిషి మూసుకునేసరికి అందరికీ ఏదోలా అయింది. ఆమెకి మాట్లాడే గాలి లేదని నాకొక్కదానికే తెలుసు. "ఏటి వదినా, ఏటూదుతున్నావు?" అన్నాడు అప్పన్న. అత్త జవాబివ్వకుండా అతని కాళ్ళ దగ్గర నేల మీద ఊది తుడిచింది. అతను ఒకడుగు వెనక్కేశాడు. ఎర్రమ్మ గంప లాక్కుని, "రా. ఇందులో మనకేటీ వొద్దు" అని మొగుడి రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఎండ నెత్తికెక్కేలోపు చెట్లన్నిటి కిందా నేల అద్దంలా అయింది.

అత్త చెట్ల కింద ఏదో ఊదిందన్న మాట మాకంటే ముందే ఊరు చేరింది. సాయంత్రానికి అది చిల్లంగి అయింది, అంటే చేతబడి. మొదట అత్త మురిసిపోయింది, ఇక తన చెట్ల జోలికి ఎవడూ రాడని. కానీ రెండు రోజులకి మా ఇంటికి మజ్జిగ కోసం వచ్చేవాళ్ళు రావడం మానేశారు. నాతో పిక్కలాట ఆడేవాళ్ళని వాళ్ళమ్మలు పిలిచేసుకున్నారు. ఎదురింటి పిల్లవాడికి జ్వరమొస్తే వాళ్ళమ్మ వాణ్ణి మా గుమ్మం ముందునుంచి కాకుండా పెరటిసందులోంచి ఎత్తుకెళ్ళింది. అమ్మ గజగజలాడిపోయింది. మా వైపు ఒక ఆడమనిషి మీద ఆ మాట పడితే, నిజమా కాదా అని అడగడానికి ఎవరూ ఆగరు. ఏ ఊళ్ళో ఎవరిని ఏం చేశారో కథలుగా మేమంతా విన్నవాళ్ళమే. నాన్న పనికి పోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. జీవితమంతా అందరినీ అనుమానించిన అత్త, అనుమానం అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో అప్పుడు చూసింది. ఊపిరి రోగమని ఒప్పుకుంటే ఆమె పనైపోయిందని చెట్లు లాక్కుంటారు, ఒప్పుకోకపోతే ప్రాణమే తీస్తారు. ఆమె ఆ రెంటి మధ్యా ఎంత నలిగిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఊపిరమ్మ వచ్చే రోజు వచ్చింది. నేను అలవాటుగా అరుగు మీద కూర్చున్నాను. వెనక తలుపు కిర్రుమంది. అత్త బయటికొచ్చి, అరుగు అంచున, వీధికి ఎదురుగా కూర్చుంది. అరవడానికి గాలి సరిపోదని తెలిసి, మెల్లగా, ఊది ఊది చెప్పింది.

"ఇది సిల్లంగి కాదు. నాకు ఊపిరి రోగం. బట్టీ పొగ. ఈ ఊదుడు దానికి మందు. సూడండి, అందరూ సూడండి."

ఊపిరమ్మ ఆశ్చర్యపోలేదు. కొంచెం పక్కకి జరిగి, ఎన్నాళ్ళుగానో నేర్పుతున్న మనిషికి చెప్పినట్టు, మొన్న ఆపిన దగ్గర్నుంచే మొదలుపెట్టింది. వీధంతా కిటికీల్లోంచి చూస్తోంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు వీధి చివరినుంచి ఎర్రమ్మ నడుచుకుంటూ వచ్చి, అందరూ చూస్తుండగా అరుగెక్కి, అత్త పక్కనే చీర మీద చీర పడేలా కూర్చుని, దగ్గి, ఎలగ ఊదాలని అడిగింది. అత్త నా చెవి దగ్గరికి వంగి, "ఎంత రోగముందో సూడ్డానికొచ్చినాది" అంది. నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఒక్కొక్కరే బట్టీల్లో పనిచేసి దగ్గుతున్న ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. రోగం బయటపడ్డా చెట్లు పోలేదు, ఎందుకంటే రోజూ నడిచి వెళ్తున్న మనిషి ఊరి కళ్ళ ముందే ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కొత్తామాస మర్నాడు ఆ చెట్ల కింద ఆమే తుడిచింది.

ఆ చెట్లని చివరికి తీసుకుపోయింది అప్పన్న కాదు, తుఫాను. ఒక్క రాత్రిలో వేళ్ళతో సహా పెళ్ళగించేసింది, కొబ్బరిచెట్ల తలలు విరిచేసింది. అత్త మర్నాడే నడిచి వెళ్ళి పడిపోయిన మానుల మధ్య కూర్చుని చాలాసేపు ఊదుకుంది. తర్వాత కొన్నాళ్ళకే పోయింది. అప్పన్న అంతకుముందే పోయాడు. ఊపిరమ్మ ఏ ఊరికి మారిపోయిందో తెలీదు. అత్తకి భయం కలిగించిన ఆ బంతుల డబ్బా నా దగ్గరుంది, ఆమె మూతి తగలకుండానే రంగు వెలిసిపోయింది.

మొన్న వెళ్ళినప్పుడు వీధికి సిమెంటు రోడ్డు వేసి ఉంది. అరుగులు లేవు, ఇనప గేట్లున్నాయి. పిల్లలకి పిక్కలాట తెలీదు. గుమ్మం దగ్గర ఆగి తిట్టేవాళ్ళు లేరు, అందరూ బళ్ళ మీద వెళ్ళిపోతున్నారు. చివరి ఇంటి ముందు మాత్రం ఆ రాతి గుంజ రోడ్డు అంచున అలాగే ఉంది, సిమెంటు దాని చుట్టూ వంపు తిరిగి పోయింది. గుమ్మంలో ఎర్రమ్మ, ముడుచుకుపోయి, పెదవులు సున్నా చుట్టి ఊదుకుంటోంది. రోడ్డు వేసేటప్పుడు ఈ గుంజ తీసేస్తామన్నారట, ఆమె తియ్యనివ్వలేదట. ఇన్నాళ్ళూ అడగనిది ఆ రోజు అడిగాను, దూడ లేకుండా గుంజ ఎందుకు పాతావత్తా అని.

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "మీ అత్తకి ఊపిరాడదని నాకు మొదట్నుంచీ తెలుసే. బట్టీలో నానూ ఆ పక్కనే కూకున్నాను కాదేటి. ఉత్తినే ఆగితే జనం సూత్తారని ఆగదు. ఆగకపోతే పడిపోద్ది. తిట్టుకుంటూనైనా ఆగుద్దని పాతించినాను. నాను లేకపోతే ఎవుల్ని తిడతాదని, గుమ్మం ఒగ్గీకుండా కూకునేదాన్ని" అంది.

ఇది నమ్మాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించాను, మా అత్త మేనకోడల్ని కదా. ఊపిరమ్మని తమ్ముడి ఆటోలో తెప్పించిందీ నువ్వేనా అని కూడా అడుగుదామనుకుని మానేశాను. గుంజ మీద రెండు చేతులూ పెట్టాను. పైన రాయి రెండు పక్కలా అరిగి నున్నగా ఉంది, అరచేతులు సరిగ్గా అక్కడ కుదురుకున్నాయి. మా అత్తకి ఇది తెలియకుండానే పోయిందే అని ఏడుపొచ్చింది. నీక్కూడా ఆయాసమేటే అని ఎర్రమ్మ అడిగింది. కాదన్నాను. ఆమె నమ్మలేదు.

"దూడ లేని కొంపకి గుంజెందుకే ఎర్రమ్మా" అన్నాను, మా అత్త గొంతుతో.

ఆమె ముఖం విచ్చుకుంది. బదులు తిట్టడానికి నోరు తెరిచింది, గాలి అందలేదు. చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, ముందుకి వంగి, పెదవులు సున్నా చుట్టింది. ఆమె ఊపిరి కూడదీసుకుని నన్ను తిట్టేదాకా నేను ఆ గుంజ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.